ఉప్పు చెయ్యి

ఆ కొండ పల్లెల్లో దురదృష్టవంతుణ్ణి ఉప్పు పట్టినవాడంటారు. ఫిదెన్సియోకి ఉప్పు ఒళ్ళంతా పట్టలేదు, చేతికి మాత్రమే పట్టింది. అతను నాటిన అరటిపిలక కుళ్ళిపోయేది. అతను గుచ్చిన కర్రపెండలం ముక్క ఎండిపోయేది. అదే కట్టలోంచి తీసి పక్క సాలులో ఇంకొకడు గుచ్చింది మోకాలెత్తు లేచేది. మిగతా పనుల్లో ఎవరూ వంక పెట్టలేరు. పాలు పితికేవాడు, తాళ్ళు పేనేవాడు, గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. మట్టితో పని పడినప్పుడు మాత్రం అందరూ నవ్వుతూ అతన్ని పక్కకి తప్పించేవాళ్ళు. ఆ నవ్వులో ద్వేషం ఉండేది కాదు. అందుకే దానికి జవాబు చెప్పడం అతనికి చేతనయ్యేది కాదు.

పెళ్ళయినప్పట్నుంచీ భార్య ఒతీలియాతో మామగారి ఇంటి వెనక వసారాలోనే కాపురం. మామ దోన్ నికనోర్‌కి ఇంటి వెనక వాగు దాకా దిగే వాలు నేల ఒకటుంది. ఆ ఏడు ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆయన కాఫీ గిన్నె కింద పెట్టి అన్నాడు:

"ఆ వాలు చుట్టూ మదేరో చెట్టు కొమ్మలు పాతి పచ్చి కంచె వెయ్యి అల్లుడూ. నీ చేత్తో నువ్వే పాతు. వానలు వెనకబట్టే నాటికి గుంజలు బతికుంటే ఆ నేల నీదీ ఒతీలియాదీ. ఇల్లు కట్టుకోండి."

"చస్తే?"

"చస్తే రుఫినోకిస్తా. కంచె నిలబెట్టుకోలేనివాడికి నేలెందుకు? ఇవాళ ఇస్తే రేపు పశువులు మేసిపోతాయి."

రుఫినో ఒతీలియా తమ్ముడు. పెళ్ళి కాలేదు. ఇంట్లో పశువుల పనంతా వాడిదే. వాడు అక్కడే గడప మీద కూచుని రొట్టెలో జున్నుగడ్డ పెట్టుకుని తింటున్నాడు. నోరు నిండా ఉండగానే నవ్వాడు.

"అయితే నాకిచ్చేసినట్టే. నాన్నా, ఈలోగా వానలు దండగ ఎందుకు, ఇప్పుడే ఇచ్చెయ్."

ఒతీలియా పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. భర్త వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ఏముందో అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆలోచించాడు. ఆశ ఉందా? జాలి ఉందా? లేక తండ్రి మాట విన్నాక అందరూ చేసినట్టే తనూ ఊరికే ఇటు చూసిందా?

మదేరో ఎండల్లో ఆకంతా రాల్చేసి, బోడికొమ్మల నిండా లేత గులాబి పూలు వేసుకుంటుంది. అప్పుడే కొమ్మ నరకాలి, అదీ చంద్రుడు తగ్గే రోజుల్లో. పెరిగే చంద్రుడిలో నరికిన కొమ్మలో రసం పైకే ఉంటుందని, పురుగు పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. రుఫినో చెట్టెక్కి కత్తితో నరుకుతుంటే ఫిదెన్సియో కింద నిలబడి చేతులు చాపాడు.

"విసరకు," దోన్ నికనోర్ కేకేశాడు. "అందించు. తొక్క చిట్లితే నీళ్ళు దిగి కుళ్ళుద్ది."

"ఎవరికందించను నాన్నా? బావ ముట్టుకుంటే ఇక్కడే పొయ్యిలోకి పనికొచ్చేట్టు ఎండిపోద్ది."

"నోర్ముయ్యరా."

"అది కాదు, ఆంబోతుకి ఉప్పు పెట్టే ఖర్చు తగ్గుద్ది కదా. రోజూ బావ చెయ్యి దానిచేత నాకిస్తే సరిపోద్ది."

దోన్ నికనోర్ కూడా నవ్వాడు. ఫిదెన్సియో నవ్వాడు. నవ్వుతూనే కొమ్మ అందుకుని దాని తెగిన కొస చూశాడు. ఒక్క వేటుకి తెగింది. పచ్చటి వలయంలో చెమ్మ మెరుస్తోంది. ఇది చెట్టు కాదు, కట్టె కూడా కాదు. తల్లి నుంచి తెగింది, మట్టిలో పడలేదు. ఈ మధ్యలో అది ఏమిటి? అతనికి చిన్నప్పట్నుంచీ ఇలాంటి మధ్య స్థితులంటే భయం.

చిన్నతనంలో తల్లి పక్కన పడుకుని ఆవిడ ఊపిరి వినేవాడు. వినబడకపోతే గిల్లేవాడు. ఆవిడ ఉలిక్కిపడి లేస్తే బతికే ఉందని నిమ్మళించేవాడు. కాసేపటికి మళ్ళీ అనుమానం వచ్చేది, మళ్ళీ గిల్లేవాడు. ఒక రోజు ఆవిడ చెంప పగలగొట్టింది. ఆ దెబ్బ తిన్నాక అతను హాయిగా నిద్రపోయాడు. చచ్చినవాళ్ళు కొట్టరు కదా.

గుంజలన్నీ మామిడిచెట్టు నీడలో నిలబెట్టారు. పైకొస ఏటవాలుగా, కిందికొస సమంగా చెక్కారు, పాతేటప్పుడు తల ఏదో కాళ్ళేవో తెలియడానికి. రసం కిందికి దిగేదాకా అవి అలా నిలబడే ఉండాలి. తొలకరి పడగానే ఫిదెన్సియో గునపంతో గుంటలు తీసి ఒక్కడే పాతాడు. వాలు మీంచి వాగు దాకా దించాడు. వాగు అవతల కంచె కొస కాస్త ఆంబోతు బీడులోకి పోతుంది. కపితాన్ అనే ఆ ఆంబోతు ఒకప్పుడు అతని తొడ చీల్చింది. పాతే రోజుల్లో దాన్ని పొరుగూరి ఆవుల దగ్గరికి తోలుకుపోయారు గనక అక్కడి గుంజలు కూడా నిదానంగానే పాతాడు. అది తిరిగొచ్చాక మాత్రం ఆ బీడులోకి రుఫినో తప్ప ఎవరూ వెళ్ళలేదు.

ఆఖరి గుంజ చుట్టూ మట్టి తొక్కాక దోన్ నికనోర్ అల్లుడి భుజం పట్టుకుని ఇంటివైపు తిప్పాడు.

"ఇక వెనక్కి చూడకుండా నడు. మా నాయన నాకట్లాగే చెప్పాడు. చూస్తుంటే అవి సిగ్గుపడతాయి. వేరు వెయ్యవు."

"ఎన్నాళ్ళు చూడకూడదు మామా?"

"మర్చిపోయేదాకా."

మర్చిపోవడం! అది అతనికి ఎవరూ నేర్పని విద్య.

మర్నాడు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. ఒతీలియా అటు తిరిగి పడుకునుంది. అతను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. చూడ్డానికి కాదు, ఊరికే అటు నడిచాడు. మొదటి గుంజ దగ్గర ఆగాడు. చూడకూడదు కదా అని చూపు తిప్పుకుని చెయ్యి వేశాడు. మెల్లిగా తోశాడు. గుంజ కొంచెం కదిలింది. మడమతో మట్టి అదిమి, మళ్ళీ తోసి చూశాడు. ఈసారి కదల్లేదు. హమ్మయ్య అనుకుని రెండో దాని దగ్గరికి వెళ్ళాడు.

అలా వాగు ఒడ్డు దాకా వెళ్ళి, అవతల ఆంబోతు నిలబడి ఉంటే ఆగిపోయి, వెనక్కి వచ్చేవాడు. రోజూ అదే పని. దాన్ని అతను అనుమానం అనుకోలేదు, ప్రేమ అనుకున్నాడు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద చెయ్యి వెయ్యమా? మొదటి వారం కదిలేవి కదిలాయి. తర్వాత కొన్ని కదలడం మానేశాయి. అవి కదలకపోతే అతని మనసు ఊరుకునేది కాదు. నిజంగా పట్టుకుందా, లేక మట్టి బిగిసిందా? ఇంకాస్త గట్టిగా తోసేవాడు. లోపల ఏదో పుటుక్కుమన్నట్టుండేది. చిన్న రాయేమో అనుకునేవాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఒతీలియా లేచి మొక్కజొన్న కడుగుతుండేది. ఎక్కడికెళ్ళావని అడిగేది కాదు. అడగకపోవడం అతనికి కొరుకుడుపడేది కాదు. అతనైతే అడిగేవాడు.

ఒతీలియా పెళ్ళయ్యాక ఒక రెండేళ్ళు సరిహద్దు అవతల కోస్తా రికాలో ఒక ముసలావిడకి సేవ చేసింది. ముసలావిడ పోయాక తిరిగొచ్చింది. వస్తూ చిన్న రేడియో తెచ్చింది.

"ఎవరిచ్చారు?" అని వచ్చిన రోజే అడిగాడు.

"ముసలావిడ కొడుకు. ఆవిడది. పారెయ్యడమెందుకని ఇచ్చాడు."

ఆ మాట సరిపోయింది. ఆ రోజుకి సరిపోయింది. మర్నాడు అనిపించింది: ముసలావిడదైతే ఇంత కొత్తగా ఎందుకుంది? అడిగాడు. చెప్పింది. ఆ కొడుక్కి పెళ్ళయిందా? అయింది. భార్య ఆ ఇంట్లోనే ఉండేదా? ఉండేది. బస్సులో నీ పక్కనెవరు కూచున్నారు? ఎవరో నన్. ఏ ఊరి నన్? మొదట్లో ఆమె నవ్వుతూ చెప్పేది. తర్వాత పని ఆపకుండా చెప్పేది. తర్వాత అతను నోరు తెరవకముందే, "నన్‌ది మతగల్పా. ముక్కు మీద పుట్టుమచ్చ. ఇంకా?" అనేది. ఆమె చెప్పిన ప్రతి జవాబూ అతనికి కాసేపు ఊపిరిచ్చేది. ఆ కాసేపు రోజురోజుకీ తగ్గిపోతూ వచ్చింది. తనేం చేస్తున్నాడో అతనికి తెలియక కాదు. తెలిసి ఆపలేకపోవడం వేరు, ఆపితే తప్ప బతకలేనని తెలియకపోవడం వేరు. అతను ఈ రెండిటి మధ్యా ఎక్కడో ఉండేవాడు.

వానలు రెండో నెలలోకి వచ్చాక గుంజలు చిగుర్లు వేశాయి.

ముందు రుఫినోనే చూశాడు. వాలు మీంచి అరుచుకుంటూ వచ్చాడు. "నాన్నా! అక్కా! ఘోరం జరిగిపోయింది! బావ పాతింది మొలిచింది!"

అందరూ వెళ్ళారు. ఏటవాలు తలల కింద పిడికెడేసి లేతాకులు. రుఫినో అతని కుడిచెయ్యి పట్టుకుని నాలుకతో నాకినట్టు నటించి, "చప్పగా ఉంది, ఉప్పంతా కడుక్కుపోయింది," అని దాన్ని పైకెత్తి ఊపాడు. వాడి కళ్ళల్లో నిజమైన సంతోషం ఉంది. ఫిదెన్సియోకి అది కనిపించింది. నేల పోతుంటే వీడికి సంతోషం ఎందుకని వెంటనే అనిపించింది.

దోన్ నికనోర్ మాత్రం ఆకు తెంపి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి పడేశాడు.

"ఆకుని నమ్మకు. ఇది పుట్టింటి సద్ది తిని వేసిన ఆకు. సద్ది అయిపోయాకగానీ కింద వేరుందో లేదో తెలీదు."

ఆ మధ్యాహ్నం ఒతీలియా అతన్ని వాలు మీదికి తీసుకెళ్ళింది. పుల్లతో నేల మీద గీతలు గీసింది. ఇదుగో వంటిల్లు, వాగు వైపు. ఇక్కడ బల్ల. పొయ్యి మా అమ్మ వేసినట్టు కాదు, నడుమెత్తు కావాలి, వంగలేక చస్తున్నా. ఇక్కడ రేడియోకి గూడు. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో గబగబలాడే ఉరవడి వచ్చింది. గీతల్లో చెప్పుల్లేకుండా నిలబడి, పరికిణీ కుచ్చిళ్ళు పట్టుకుని, "లోపలికి రా. గుమ్మంలోంచి రా, గోడ తొక్కుతున్నావ్!" అని నవ్వింది.

అతను గుమ్మంలోంచే వెళ్ళాడు. ఆమె పక్కన నిలబడ్డాడు. అంత సంతోషంగా ఉన్నప్పుడే అతనికి ఎప్పుడూ ఆ దురద పుట్టేది, ఇది నిలబడేదేనా అని.

"అక్కడ, ఆ ఇంట్లో, రేడియో ఎక్కడ పెట్టేవాళ్ళు?" అన్నాడు.

ఆమె కుచ్చిళ్ళు వదిలేసింది. కాసేపు వాగు వైపు చూసింది. తర్వాత గీతల మీంచే, గోడలన్నీ తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

వానల మధ్యలో ఎప్పుడూ వచ్చే ఎండ ఆ ఏడు గట్టిగా వచ్చింది. మేఘం లేదు, మంచు లేదు. గుంజల మీది ఆకు మొదట వాడింది, తర్వాత అంచులు నల్లబడ్డాయి, తర్వాత రాలింది. ఫిదెన్సియో రోజుకి రెండుసార్లు వెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున వాగు నీళ్ళు మోసి పోసేవాడు. నీళ్ళు పోసి, పట్టుకుందేమోనని ఊపి చూసేవాడు.

ఒక ఆదివారం దోన్ నికనోర్ టోపీ పెట్టుకుని వాలు మీదికి నడిచాడు. వెనక ముగ్గురూ వెళ్ళారు. ముసలాయన మొదటి గుంజని ఒంటిచేత్తో లాగాడు. అది పాలలోంచి చెంచా లేచినట్టు లేచింది. రెండోదీ అంతే. మూడోది రుఫినో లాగాడు. ముసలాయన కొస పైకి తిప్పి వేలితో తడిమాడు. అక్కడ తెల్లటి మొటిమల్లా వేరుమొలకలు పుట్టిన గుర్తులున్నాయి. ఒక్కోచోట అంగుళం పొడవు వేరు ఎండి, మొదట్లో తెగి వేలాడుతోంది.

"ఇవి చావలేదు," అన్నాడాయన మెల్లిగా. "వేర్లేశాయి. వేసినవి వేసినట్టు తెగినయ్. ఎవరో కదిపారు. ఒక్కసారి కాదు, రోజూ కదిపారు."

"పశువులు రుద్దుకున్నాయేమో నాన్నా," అన్నాడు రుఫినో.

"పశువు రుద్దుకుంటే తొక్క మీద వెంట్రుకలుంటయ్. ఇది మనిషి పని."

ఫిదెన్సియో వింటున్నాడు. మాటలు అర్థమవుతున్నాయి గానీ అవి తన గురించి అని ఇంకా తట్టలేదు. ఎవరో తన కంచె చంపారు. ఎవరో! ఆలోచించనక్కర్లేదు. కంచె చస్తే నేల ఎవరికొస్తుంది? ఆకు వేసిన రోజు అంత సంతోషం ఎందుకు నటించాడు?

"ఇంకెవరు మామా?" అన్నాడు. "నేలెవరికి కావాలి? మొదటి రోజు నుంచీ ఎవడు నవ్వుతున్నాడు?"

రుఫినో నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు. "బావా, నువ్వు నిజంగానే అంటున్నావా?"

"నువ్వే. తెల్లారకముందే లేచేది నువ్వే."

"లేచి ఆంబోతుకి ఉప్పు పెట్టడానికి పోతా! రోజూ ఆ బీడులోకే పోతా. ఒకసారి అటు చూడు!" వాడు వాగు అవతలికి చెయ్యి చాపాడు. "నీ గుంజలు అక్కడా ఉన్నయ్ కదా. నేను చంపేవాణ్ణైతే ముందు వాటినే చంపేవాణ్ణి. రోజూ వాటి పక్కనుంచే నడుస్తా."

అందరూ అటు చూశారు. వాగు అవతల, కపితాన్ తల వంచి మేస్తున్న బీడు అంచున, గుంజల మీద పచ్చటి ఆకు గుబురుగా ఉంది. అవే గుంజలు, అదే చంద్రుడిలో నరికినవి, అదే చెయ్యి పాతినవి. ఒక్కటీ వాడలేదు.

అప్పుడు తెలిసింది ఫిదెన్సియోకి.

అది మెల్లిగా తెలియలేదు. చీకటి గదిలో కాలు మెట్టు దిగబోయి మెట్టు లేనట్టు తెలిసింది. అవి బతికినచోట ఎవరు అడుగు పెట్టలేకపోయారు? తన అరచెయ్యి చూసుకున్నాడు. మండుతోంది. ఉప్పు ఎప్పుడూ లేదు. ఈ చేతికి బ్రహ్మాండమైన వాసి ఉంది. అది ముట్టుకోనివన్నీ బతికాయి.

నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. రుఫినో నవ్వేవాడు, ముసలాయన తిట్టేవాడు, ఊరంతా పదేళ్ళు చెప్పుకునేది. నేల పోయేది. అంతే.

"కొన్ని వదిలేస్తే అనుమానం రాదని వదిలుంటావ్," అంటున్నాడు దోన్ నికనోర్ కొడుకుతో. ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నువ్వు పొద్దున్నే లేస్తావు. వంటింటి కిటికీలోంచి ఈ వాలంతా కనపడుద్ది. ఎవర్నైనా చూశావా?"

ఒతీలియా భర్త వైపు చూసింది.

ఆమెకి తెలుసని అతనికి ఆ క్షణంలోనే అర్థమైంది. కిటికీ. ప్రతి పొద్దునా కిటికీ. ఆమె చూస్తూ నిలబడింది, అతను చెబుతాడని ఎదురుచూస్తూ. అతను చెప్పబోయాడు కూడా. కానీ చెప్పబోయే మాటకి అడ్డంగా లోపల ఇంకోటి లేచింది, ఆ పాత దురద, ఎప్పటికన్నా పదునుగా. ఇప్పుడు ఏం చేస్తుంది? ఒక పక్క రక్తం పంచుకున్న తమ్ముడు, ఒక పక్క నేను. ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదు. ఇప్పుడు తెలిసిపోతుంది.

అతను నోరు మూసుకుని చూశాడు.

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో దేన్నో గుర్తుపట్టినట్టు కళ్ళు కొంచెం చిన్నవయ్యాయి.

"నేనెవర్నీ చూళ్ళేదు నాన్నా," అంది.

"ఒట్టేసి చెప్పు, మీ తమ్ముడు కాదని."

ఆమె తల దించుకుంది.

"అర్థమైందిలే," అన్నాడు దోన్ నికనోర్. "తోడబుట్టినవాణ్ణి ఎట్లా పట్టిస్తావ్." చేతిలో గుంజ కింద పడేశాడు. "నేల ఫిదెన్సియోది. వచ్చే ఏడు మళ్ళీ పాతుకోనీ. నా కంచె మీద చెయ్యేసినవాడు నా బల్ల దగ్గర కూచుని తినడు. విన్నావా రుఫినో?"

రుఫినో అక్క వైపు చూశాడు. "అక్కా?" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. వాడు వాగు వైపు దిగిపోయాడు.

ఫిదెన్సియో ఇంటికి తిరిగి వస్తుంటే ఒళ్ళు తేలికగా ఉంది. సిగ్గు ఉంది, భయం ఉంది, వాటన్నిటి మీదా ఒక మత్తు. ఆమె నా కోసం అబద్ధం ఆడింది. సొంత తమ్ముణ్ణి కాదని. ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్నలన్నిటికీ ఒక్కసారే జవాబొచ్చింది. ఇక ఎప్పుడూ ఏమీ అడగనక్కర్లేదు.

ఆమె పొయ్యి ముందు కూచుని రొట్టెలు తడుతోంది. అతను పక్కన కూచున్నాడు.

"రోజూ చూశావా?"

"రోజూ."

"మరి ఎందుకు చెప్పలేదు? మొదట్లోనే చెబితే గుంజలు బతికేవి కదా."

"చెబుదామనే అనుకున్నా. ఆ గీతలు గీసిన రోజు, ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా." రొట్టె తిరగేసింది. "ఆ తర్వాత నువ్వే అడుగుతావని చూశా. నన్ను లక్ష అడిగావు కదా. రేడియో ఎవరిచ్చారు, పక్కనెవరు కూచున్నారు, ముసలావిడ కొడుకు ఎన్నింటికి ఇంటికొచ్చేవాడు. 'తెల్లారి నేనేం చేస్తున్నానో నీకేమైనా తెలుసా' అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అన్నిట్లోకీ అదొక్కటే చెప్పాలనుండేది."

"అడిగితే చెప్పేదానివా?"

ఆమె నవ్వింది. నోరు మాత్రమే నవ్వింది. "చూశావా? ఇప్పుడు కూడా."

అతను నిప్పులు ఎగదోశాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. ఇంత ఆనందం ఒక్కడూ మొయ్యడం కష్టమనిపించింది.

"అక్కడ, మామ అడిగినప్పుడు, నేనే చెప్పేద్దామనుకున్నా ఒతీలియా. ఒట్టు. కానీ నువ్వేం చెబుతావో..."

"చూద్దామని ఊరుకున్నావు. తెలుసు." ఆమె చేతుల పిండి దులుపుకుంది. "గుంజ మీద చెయ్యేసినప్పుడు నీ మొహం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఈ కిటికీలోంచి చూసీ చూసీ. అక్కడ నన్ను చూసినప్పుడూ అట్లాగే ఉంది."

"అయినా నువ్వు నా వైపే నిలబడ్డావు కదా."

"నిలబడ్డా," అంది. "అది ఆఖరిది. తిను, చల్లారిపోతుంది."

రుఫినో ఆ వారమే సరిహద్దు అవతల కాఫీ కోతలకి బయల్దేరాడు. ఒతీలియా వాడితో వెళ్ళింది. వాడికి దారిలో నిజం చెప్పిందో లేదో ఫిదెన్సియోకి ఎప్పటికీ తెలియదు. బస్సు దగ్గర వాడు ఇతని మొహం చూడలేదు. ఆమె చూసింది, పని ఉన్నప్పుడు చూసినట్టు. "పాలు విరిగిపోతయ్, పొయ్యి మీంచి దించానో లేదో చూడు," అంది. అతను ఇంటికొచ్చి చూశాడు. దించే ఉన్నాయి.

రేడియో బల్ల మీదే వదిలేసింది. అతను దాన్ని చాలా రోజులు ముట్టుకోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం వెనక మూత ఊడదీసి చూశాడు. బ్యాటరీలు, ధూళి. బ్యాటరీలు తీసి వాటి కింద చూశాడు. మళ్ళీ పెట్టాడు. అప్పట్నుంచి అది పలకలేదు.

వాలు అతని పేరనే ఉంది. దోన్ నికనోర్ మాట తప్పే మనిషి కాదు. సాయంత్రాలు ఇద్దరూ బల్లకి చెరో వైపు కూచుని తినేవాళ్ళు. ముసలాయన ఒకసారి, "వాడు అట్లాంటివాడు కాదనుకునేవాణ్ణి," అన్నాడు. ఫిదెన్సియో ఉప్పు అందించాడు.

మళ్ళీ ఎండలు వచ్చేసరికి ఆంబోతుని అదుపు చేసే మనిషి లేక ముసలాయన దాన్ని అమ్మేశాడు. లారీ వెళ్ళిపోయిన మర్నాడు తెల్లవారుజామున ఫిదెన్సియో చెప్పులు చేత్తో పట్టుకుని లేచాడు. ఇంట్లో ఉలిక్కిపడే మనిషి లేదు, అయినా చేత్తోనే పట్టుకున్నాడు. వాలు దిగాడు, వాగు దాటాడు. బీడు తలుపు తెరిచే ఉంది.

ఆ గుంజలు ఇప్పుడు గుంజలు కావు. ముంజేతి లావు కొమ్మలేసి, మొదటిసారి పూత పట్టాయి. లేత గులాబి పూలు అతని భుజాల మీద రాలాయి. ఈ ప్రపంచంలో తన చేత్తో నాటగా బతికినవి ఇవే. చూసి వెళ్ళిపోదామనే వచ్చాడు. ముసలాయన చెప్పినట్టు చూడకుండా వెళ్ళిపోయినా బావుండేది.

చెయ్యి వేశాడు. మెల్లిగా తోశాడు. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి, మడమలు నేలలో తన్నిపెట్టి, పళ్ళు బిగించి ఊపాడు. పూలు జలజలా రాలాయి. చెట్టు మాత్రం నిలబడే ఉంది. అయితే నేల లోపల ఎక్కడో, బాగా కింద, సన్నగా ఏదో తెగినట్టు అనిపించింది.

బెరడుకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. తెగిందా? భ్రమా? ఊపితే తప్ప తెలియదు.

మళ్ళీ ఊపాడు.